సుంకం గీత దాటిన రెండో పాదం

గోల్‌బజార్‌లో ఆదివారం బుద్ధ వందన అయ్యాక మేము కొందరం ఒక టీ దుకాణం ముందు బల్లల మీద కూర్చుంటాం. ఖరగ్‌పూర్ తెలియని పాఠకులకు ఒక మాట. ఈ ఊరు పశ్చిమ బెంగాల్లో ఉన్నా, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మన వాళ్లు రైలు పనికి వచ్చి ఇక్కడే పాతుకుపోయారు. మథురాకాటి, నింపురా వైపు వెళితే ఇప్పటికీ వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. గోల్‌బజార్‌లో ఒకే బేరం బెంగాలీలో మొదలై, హిందీలో సాగి, తెలుగులో తెగుతుంది.

పోయిన నెల ఒక ఆదివారం మావయ్య పెద్ద సంచీ తెచ్చి బల్ల మీద పెట్టారు. అందరమూ మావయ్య అని పిలిచే ఈ పెద్దాయన రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు అమ్మానాన్నలను పిలిపించుకుని, లంకావి, ఫుకెట్ రేవులు చూపిస్తూ నాలుగైదు రోజుల ఓడ ప్రయాణం చేయించాడు. ఆ ఓడ కబుర్లు చెబుతూ మావయ్య సంచీలోంచి ఒక్కొక్కటే తీశారు. లంకావి చాక్లెట్ల పెట్టెలు, సెంటు సీసాలు, ఓడ బొమ్మ ఉన్న తాళపుచెవుల గొలుసులు, మనిషికొకటి చొప్పున. ఫుకెట్‌లో కొన్న బుద్ధుడి తల ఒకటి, మెడ దగ్గర నున్నగా కోసి, కింద చెక్క దిమ్మ బిగించి ఉంది. సంచీ అడుగున ఒక విస్కీ సీసా. అది మాకు కాదు, ఇంటి కాగితాల పనిలో సాయం చేసిన ఒకాయనకు.

ఓడలోని దుకాణాలను రేవులో ఆగి ఉన్నంతసేపు మూసేసి, సముద్రంలోకి వెళ్లాక తెరుస్తారని మావయ్య ఆశ్చర్యంగా చెప్పారు. "సముద్రం మీద ఏ రాజూ లేడంట, అందుకని పన్నూ లేదంట." రేవులో దిగితే అక్కడ ఇంకో బజారు. లంకావి 1987 నుంచి సుంకం లేని దీవి. దిగిన వాళ్లకు చూడడానికి ఉండేది కొద్ది గంటలే. ఆ కొద్ది గంటల్లో సగం కొట్లలోనే గడిచిపోయిందని అత్తయ్య విసుక్కున్నారు.

చివరికి మావయ్య చొక్కా చేతిని పైకి జరిపి గడియారం చూపించారు. లక్షా ఇరవై వేలదట. ఆయనది కాదు. కొడుకు తన పాత ఆఫీసరు కోసం కొన్నాడు. పెట్టె, బిల్లు సింగపూర్‌లోనే ఉంచేసుకుని, "చేతికి పెట్టుకుని వెళ్లిపో నాన్నా, వాడిన వస్తువు అనుకుంటారు, ఎవరూ అడగరు" అన్నాడు. కోల్‌కతాలో దిగాక, "గ్రీన్ ఛానల్లోంచి దొరలాగ నడిసొచ్చీసేను" అని మావయ్య నవ్వారు. మేమూ నవ్వాం.

ఒక్క కుర్రాడు నవ్వలేదు. రైల్వేలో అప్రెంటిస్‌గా చేస్తున్నాడు, ధమ్మం పుస్తకాలు శ్రద్ధగా చదువుతాడు. "మావయ్యా, అది దొంగతనం కాదా? ఇవ్వనిది తీసుకోనని అరగంట క్రితమే కదా చెప్పుకున్నాం" అన్నాడు.

మావయ్య ముఖం మారిపోయింది. "ముప్పయ్యారేల్లు వర్క్‌షాపులో సేసేను. ఒక్క బోల్టు ఇంటికి ఎత్తుకెల్లలేదు. ఇయ్యాల ఒక గడియారానికి నన్ను దొంగని సేసీసేవేటి?" అన్నారు. తర్వాత మావైపు తిరిగి, "నువ్వు లా సదివేవు కదా, నువ్వు సెప్పు" అన్నారు.

మేము ఆ రోజు సరిగా చెప్పలేకపోయాం. ఎందుకో చివరికి రాస్తాం. ముందు ఆ ప్రశ్న.

చట్టం వరకు చెప్పడం తేలిక. డ్యూటీ ఫ్రీ అన్న మాటను మన వాళ్లు తప్పుగా అర్థం చేసుకుంటారు. ఆ దుకాణం మాఫీ చేసేది అక్కడి దేశపు పన్నును. ఆ వస్తువును మన దేశంలోకి తెచ్చేటప్పుడు మన సుంకం వేరే ఉంటుంది. మావయ్య ప్రయాణం నాటికి అమల్లో ఉన్న 2016 సామాను నియమాల ప్రకారం, విదేశం చూసి తిరిగొచ్చే మనిషి సొంత వాడకం సామాను కాక 50,000 రూపాయల విలువ వరకు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. మద్యం రెండు లీటర్లు, సిగరెట్లు 100. భార్యాభర్తల పరిమితులు రెండూ కలిపి ఒక్క వస్తువుకు వాడుకోవడం కుదరదు. దాటిన విలువ మీద సుమారు 38.5 శాతం సుంకం. గడియారం ఒక్కదానికే లెక్క వేసినా దాదాపు 27,000. ఫిట్టరుగా దిగిపోయిన మనిషి పింఛనుకు అది తక్కువ మొత్తం కాదు, కాకపోతే కట్టాల్సిన వాడు మావయ్య కాదు, ఆ గడియారం ఎవరి కోసమో వాళ్లు.

చట్టం కన్నా కష్టమైనది ఆ సంచీ. విహార యాత్రలకు వెళ్లి కొట్ల మీద పడడం తృష్ణ అనీ, మన వాళ్లు కూడా వస్తు వ్యామోహంలో పడిపోయారనీ ఒక ఉపన్యాసం ఇవ్వడం మాకు చేతకానిది కాదు. బాబాసాహెబ్ విదేశాల నుంచి పుస్తకాలు తెచ్చారు, మీరు చాక్లెట్లు తెచ్చారు అనే పోలిక మన సభల్లో ఎన్నిసార్లు వినలేదు! 1917లో ఆయన లండన్ నుంచి వస్తుంటే వేరే ఓడలో పంపిన సామాను యుద్ధంలో సముద్రం పాలైంది. ఆ నష్టపరిహారం డబ్బే బరోడా ప్రయాణానికి అక్కరకొచ్చింది. అంతటి మనిషితో ఫిట్టరు మావయ్యను తూకం వేయడం మాకు న్యాయంగా తోచదు.

మా నాన్నగారు ఒకటి చెప్పేవారు. ఊళ్లో కోమటి కొట్టు దగ్గర ఆయన దూరంగా నిలబడాలి. డబ్బులు కింద పెట్టాలి. ఉప్పో, పప్పో మూట కట్టి పై నుంచి పడేస్తే దోసిలి పట్టాలి. ఖరగ్‌పూర్ వచ్చి మొదటి జీతం అందుకున్న రోజు గోల్‌బజార్‌లో ఒక బట్టల కొట్టు గడప ఎక్కారు. చొక్కా గుడ్డను చేత్తో పట్టుకుని, నలిపి చూసి, బాగోలేదని తిరిగి ఇచ్చేశారు. ఆ ఇచ్చేయడం గురించి ఆయన ఎన్నిసార్లు చెప్పారో! బజారు మనకు మొదట వ్యామోహంగా రాలేదు, గౌరవంగా వచ్చింది. రైల్వే కాలనీల్లో కులం లేదని మేము అనడం లేదు. కొట్లో మాత్రం వస్తువును ముట్టుకుని, వద్దని చెప్పగలిగాం. అలాంటి ఇంట్లో పుట్టిన మనిషి డెబ్బై ఏళ్లకు సముద్రం దాటి, పది మందికి పది కానుకలు తెచ్చి బల్ల మీద పరిచాడు. ఆయన్ని ఆ పూట దొంగ అనడంలో ఏం తెగిందో ఆ కుర్రాడికి ఇంకా తెలియదు.

అయినా ప్రశ్న మాత్రం తప్పు కాదు.

అసలు సుంకం కట్టని సరుకు మన ఊరికి కొత్తేమీ కాదు. మా చిన్నప్పుడు రైల్వే పనిమీద గార్డెన్ రీచ్ ప్రధాన కార్యాలయానికి వెళ్లిన వాళ్లు వచ్చేటప్పుడు పక్కనే ఉన్న ఖిదిర్‌పూర్‌లో ఆగేవాళ్లు. అక్కడి ఫ్యాన్సీ మార్కెట్ ఓడ సరుకుకు పేరు. రేవు గోడకు ఈ పక్కకు ఆ సరుకు ఎలా వచ్చిందని ఎవరూ అడగరు. జపాన్ టార్చి, నైలాన్ గొడుగు, సెంటు సీసా. హౌరా నుంచి నూటపదిహేను కిలోమీటర్లు ప్రయాణించి వచ్చిన ఆ వస్తువు 'ఫారిన్‌ది' అన్న ఒక్క మాటతో ఇంటికి పండగ తెచ్చేది. ఇప్పుడు రేవులే మారాయి. విశాఖలో కూడా 2023లో అంతర్జాతీయ ఓడ ప్రయాణికుల టెర్మినల్ తెరిచారు. మన చుట్టాలే రేపు అక్కడ ఓడ ఎక్కుతారు, దిగుతారు. కాబట్టి ఇది మావయ్య ఒక్కడి లెక్క కాదు.

వినయ పిటకంలో ఈ ప్రశ్న ఉంది. ఉందని చెబితే చాలామంది నమ్మరు. రెండో పారాజికం, అంటే దొంగతనం చేసిన భిక్షువు సంఘంలో ఉండే అర్హత కోల్పోయే నియమం. అది ఎలా పుట్టిందో చూడండి. రాజగృహంలో ధనియుడనే భిక్షువు, కుమ్మరి కొడుకు, కుటీరం కోసం కలప కావాలని రాజుగారి కలప అడితీకి వెళ్లాడు. అది నగరం మరమ్మతుల కోసం, ఆపద కోసం దాచిన కలప. రాజు నాకు ఇచ్చాడని కాపలాదారుతో చెప్పి పట్టుకెళ్లాడు. మంత్రి వస్సకారుడు చూశాడు, కాపలాదారును కట్టేశారు. ధనియుడు బింబిసారుడి ముందుకొచ్చి, పట్టాభిషేకం నాడు గడ్డి, కర్ర, నీరు శ్రమణులకు, బ్రాహ్మణులకు ఇచ్చానని మీరే కదా అన్నారు అని వాదించాడు. నేనన్నది అడవిలో ఎవరిదీ కాని దాని గురించి అన్నాడు రాజు. భిక్షువు కాబట్టి విడిచిపెట్టాడు.

చట్టం చదివిన వాళ్లకు ధనియుడు బాగా తెలిసిన మనిషి. అబద్ధం పూర్తిగా ఆడలేదు. రాజు మాటలో ఒక సందు వెతుక్కున్నాడు, అంతే. "వాడిన వస్తువు అనుకుంటారు" అన్న మాట ఆ సందులోంచి వచ్చిందే.

ఆ తర్వాత జరిగింది మాకు ఇంకా నచ్చుతుంది. బుద్ధుడు దైవవాణి కోసం చూడలేదు. భిక్షువుల్లో ఒకాయన పూర్వాశ్రమంలో న్యాయాధికారి. రాజు ఎంత విలువ దొంగిలించిన వాడిని శిక్షిస్తాడని ఆయన్ని అడిగి తెలుసుకున్నారు. ఒక పాదం, అంటే ఆ రోజుల్లో ఐదు మాసకాలు అని ఆయన చెప్పాడు. నియమానికి ఆ కొలతే తీసుకున్నారు. ధమ్మం లోకపు చట్టాన్ని తోసిపుచ్చలేదు, దాన్ని పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది.

ఆ నియమం వివరణలోనే సుంకఘాతం అన్న మాట వస్తుంది. మన సుంకమే. కొండ కనుమ దగ్గర, నది రేవులో, ఊరి వాకిట్లో రాజు పెట్టిన సుంకపు గీత. సుంకం కట్టాల్సిన వస్తువును దొంగ మనసుతో పట్టుకుని మొదటి పాదం గీత దాటిస్తే పెద్ద తప్పు, రెండో పాదం దాటితే పారాజికం. పాదాలు లెక్కపెట్టడం కొందరికి నవ్వొస్తుంది. మాకు రాదు. మొదటి పాదానికీ రెండో పాదానికీ మధ్య మనిషి వెనక్కి తిరగొచ్చు. ఆ ఒక్క అడుగు ఖాళీని వినయం మనిషి కోసం ఉంచింది. ఎర్ర గుర్తు వరస, ఆకుపచ్చ గుర్తు వరస చీలే చోట ఆ ఖాళీ ఇప్పటికీ ఉంది.

ఇవి భిక్షువుల నియమాలు, గృహస్థులకు పారాజికాలు లేవు అని అనొచ్చు. నిజమే. ఐదు మాసకాల కొలత కూడా భిక్షువుకే. ఉపాసకుడి రెండో శీలానికి కొలత లేదు. ఇంత వరకు పరవాలేదు అనే అంకె అందులో ఎక్కడా కనిపించదు. బాబాసాహెబ్ 1956 అక్టోబరు 14న నాగ్‌పూర్‌లో ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో దొంగతనం చేయనన్నదీ, మద్యం తాగనన్నదీ ఉన్నాయి. వాటికీ అంకె లేదు.

ఇక్కడ సంచీలోని వస్తువులు తారుమారవుతాయి. విస్కీ సీసాకు చట్టంలో ఏ అడ్డూ లేదు, రెండు లీటర్ల లోపే. ధమ్మంలో దానికి చోటు లేదు. మేము తాగం కానీ ఇస్తాం అనే మాట మన ఇళ్లలో మామూలైపోయింది. పని చేసిపెట్టిన వాడికి సీసా ఇవ్వడం కానుక కూడా కాదు, దానికి ఇంకో పేరుంది. గడియారం తనంతట తాను నిర్దోషి. దాన్ని దాటించిన తీరులో దోషం ఉంది. చాక్లెట్లు రెండు రకాలుగానూ శుభ్రం. పిల్లలు అప్పటికే ఒక పెట్టె ఖాళీ చేశారు.

పెద్ద దొంగలను వదిలేసి చేతి గడియారం మీద పడతారేం అని ఆ రోజు ఇంకొకాయన అడిగారు. వేల కోట్లు ఎగ్గొట్టిన వాళ్లు విమానాల్లో తిరుగుతున్నారు కదా అన్నారు. ఆ కోపం మాదీ. ఇంకో అన్యాయం కూడా ఉంది. గోల్‌బజార్‌లో సబ్బు కొనే కూలీ మనిషి ప్రతి సబ్బు మీదా పన్ను కడుతుంది. సముద్రం దాటగలిగిన వాడికి మాఫీ బజారు. 1947లో ఐర్లండ్‌లోని షానన్ విమానాశ్రయంలో మొదటి డ్యూటీ ఫ్రీ దుకాణం తెరిచిన నాటి నుంచి ఈ సౌకర్యం తిరగగలిగే వాళ్లదే. ఈ నియమం న్యాయమైనదేనా అని పార్లమెంటును అడగాలి. అడగడం వేరు, ఆ పేరు చెప్పి మనమే తగ్గించుకోవడం వేరు.

రాజ్యాంగం 265వ అధికరణం చట్టం లేకుండా ఏ పన్నూ వేయకూడదని ప్రభుత్వం చేయి పట్టుకుంటుంది. బింబిసారుడి సుంకం రాజుది. ఈ సుంకం సంచిత నిధికి పోతుంది. ఆ నిధిలోంచే పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ వస్తుంది. బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్‌లో ఉండగా 1944లో మొదలైన పథకం అది. మావయ్యను ప్రశ్నించిన కుర్రాడు పాలిటెక్నిక్ చదివింది దాంతోనే. ఆ స్కాలర్‌షిప్ ఆలస్యమైనప్పుడు ఫీజు కోసం వాడి తల్లి చెవి దిద్దులు గోల్‌బజార్‌లో తాకట్టు పెట్టిన సంగతి మాకు తెలుసు. ఆ 27,000 సరిగ్గా వాడికే అందేదని ఎవరూ చెప్పలేరు. ఎవరిది పోయిందో పేరు లేదు కాబట్టే ఈ దొంగతనం సులువుగా జరుగుతుంది.

ఇక మా సంగతి. 2018లో ఒక బృందంతో థాయ్‌లాండ్ బౌద్ధ క్షేత్రాలు చూడడానికి వెళ్లాం. అయుత్థయలో వరసగా కూర్చున్న బుద్ధులకు తలలు లేవు. 1767లో నగరం కాలిపోయాక ఏళ్ల తరబడి దోచుకున్న వాళ్లకు మొండెం బరువు, తల తేలిక. ఒక తల మాత్రం రావి వేళ్ల మధ్య ఇరుక్కుని మిగిలింది. ఆ సాయంత్రమే బజారులో బుద్ధుడి తలలు వరసగా అమ్మకానికి పెట్టి ఉన్నాయి, కొత్తగా పోత పోసినవి. పొద్దున మొండేలను చూసి కళ్లు తుడుచుకున్న మా బృందంలోని వాళ్లే తలలు బేరం చేశారు. బుద్ధుడు అలంకార వస్తువు కాదని ఆ దేశంలో పెద్ద పెద్ద బోర్డులు పెట్టారు. విగ్రహం దేశం దాటాలంటే అక్కడి లలితకళల శాఖ అనుమతి కావాలి. తెలుగు వాళ్లకు ఇది ఇంకా బాగా తెలియాలి. మన అమరావతి పాలరాళ్లు 1859లో ఓడెక్కి లండన్ చేరి ఈనాటికీ అక్కడే ఉన్నాయి. ప్రకాశం జిల్లా చందవరం నుంచి పోయిన శిల్పం ఒకటి ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాకా వెళ్లి 2016లో తిరిగొచ్చింది. ఎవరిదో ఇంటి అందం కోసం మన ధమ్మం తల తెగింది.

ఇంత తెలిసిన మేము తిరుగు ప్రయాణంలో ఏం చేశాం? బృందంలో ఒక వ్యాపారి ఉండేవాడు. పది రోజులూ మా భోజనం ఖర్చు తనే పెట్టుకున్నాడు, ధమ్మ సేవకులు మీరు అంటూ. విమానం దిగే ముందు ఒక బంగారు గొలుసు మా చేతికిచ్చి, "మెడలో వేసుకుని బయటికొచ్చేయండి, ఇద్దరం వేసుకుంటే అడుగుతారు" అన్నాడు. విదేశంలో ఏడాదికి మించి ఉండి వచ్చిన వాళ్లకే నగల మాఫీ ఉంటుందనీ, పది రోజుల యాత్రికుడికి ఒక్క గ్రాము కూడా లేదనీ మాకు కంఠోపాఠం. అయినా వేసుకున్నాం. వద్దంటే పది రోజుల అన్నం గుర్తొచ్చింది. ఆకుపచ్చ వరసలో నడుస్తుంటే మెడ మీద ఆ గొలుసు ఎంత చల్లగా తగిలిందో ఇప్పటికీ గుర్తే. ఎవరూ ఆపలేదు. బయట అతను గొలుసు తీసుకుని చేతులు జోడించాడు.

తర్వాత వినయం చదువుతుంటే అదే పారాజికం కింద ఒక కథ కనిపించింది. ఒక భిక్షువు వర్తకుల బిడారుతో నడుస్తున్నాడు. ఒక మనిషి ఆయనకు తినిపించి మచ్చిక చేసుకుని, సుంకం చావడి కనబడగానే విలువైన మణి చేతికిచ్చి దాటించమన్నాడు. ఆయన దాటించాడు. పుస్తకం మూసి లేచి మంచినీళ్లు తాగొచ్చాం. రెండున్నర వేల ఏళ్ల నాటి మనిషి మమ్మల్ని ఎక్కడ చూశాడో!

మావయ్య అడిగినప్పుడు నోరు పెగలనిది అందుకు. సుంకరి దగ్గర సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టు అంటారు మన వాళ్లు, వినడని. కొందరికి సుంకరే ఉండడు, ఉన్నా అడగడు. అడగకపోతే ఎవరికి చెప్పుకోవాలి?

మరుసటి ఆదివారం వందన అయ్యాక ఈ గొలుసు కథ అక్కడ ఉన్న వాళ్లందరికీ చెప్పాం. ఆ కుర్రాడు తల దించుకున్నాడు. మేము చెప్పింది వాడికి నచ్చిందో, మా మీద ఉన్న గౌరవం పోయిందో తెలియలేదు. మావయ్య మాత్రం చాలాసేపు మాట్లాడలేదు. ఆయన చేతికి గడియారం లేదు.

"ఇచ్చీసేరా?" అని అడిగాం.

"లేదు. పెట్టెలో ఎట్టేను. బిల్లు పంపమని ఆడికి సెప్పేను. ఆ ఆపీసరుకి కావాలంటే పన్ను ఆడే కట్టుకుంటాడు. ఎక్కడ కట్టాలో రాసియ్యి" అన్నారు.

దిగిపోయాక నెలలు గడిచిన సరుకుకు ఏ కార్యాలయంలో ఏ అర్జీ పెట్టాలో చెప్పడం అంత సులువు కాదు. కస్టమ్స్ చట్టం 77వ సెక్షన్ సామాను గురించి దిగిన చోటే చెప్పమంటుంది. కోల్‌కతా కస్టమ్స్‌కు ఒక ఉత్తరం రాసిపెడతామన్నాం. ఆ కాగితం మీదే మా 2018 సంగతి కూడా రాయాలా, వేరే కాగితమా అని ఇంకా తేల్చుకోలేదు.

బుద్ధుడి తలను ఏం చేయాలని అత్తయ్య అడిగారు. విహారంలో పెట్టమని కొందరు, పారేయమని ఒకరు. ఆవిడ ఎవరి మాటా వినకుండా దాన్ని కొంగులో చుట్టుకుని, కూరగాయల సంచీలో జాగ్రత్తగా పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లారు.